చేనిచ్చిన పెద్దనాయనకి, మా షార్ట్ ఫిల్మ్‌కి సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా షార్ట్ ఫిల్మ్ పూర్తయింది. నిన్న రాత్రి చివరి కాపీ చూసుకున్నాం. మొత్తం 18 నిమిషాలు. ఈ 18 నిమిషాల కోసం ఏడాదిన్నరగా ఎవరెవరి గుమ్మం ఎక్కామో గుర్తొస్తుంటే నిద్ర పట్టలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది అన్నారు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. సినిమా చివర మాత్రం అందరి పేర్లూ ఉంటాయి. అక్కడ ఎవరు వద్దన్నా వినను.

కథ పుట్టింది 2014 సెప్టెంబర్ 24 ఉదయం, మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరిన రోజు. హాస్టల్ టీవీ రూమ్‌లో అందరం నిలబడే చూశాం. అక్కడ జరిగింది ఇక్కడ తెలియడానికి దాదాపు 12 నిమిషాలు పడుతుందని టీవీలో చెబుతుంటే పక్కనున్న మా వాడు, "అంటే అక్కడున్నోళ్లని అమ్మ 'తిన్నావా' అని అడిగితే, 'తిన్నా' అనే మాట వినడానికి 24 నిమిషాలు కూర్చోవాలా?" అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. మా సినిమా అంతా అదే. అంగారకుడి మీద కూతురు, కర్నూలు జిల్లాలో తల్లి, మధ్యలో 24 నిమిషాలు. ఆ మాట అన్నవాడే మా కెమెరామన్.

ముందు మా ఫిజిక్స్ సార్‌కి దండం పెట్టాలి. కూతురు నడిచే షాట్ టెస్ట్ చేసినప్పుడు కదలిక నెమ్మదించేలా సెకనుకి 60 ఫ్రేములు తీసి, సెకనుకి 24 చొప్పున ప్లే చేశాం. తేలిపోతున్నట్టు బాగానే ఉందనిపించింది. సార్ ఫోన్‌లో రెండుసార్లు చూసి, "ఇది చంద్రుడు కదా" అన్నారు. నోట్‌బుక్ తీసుకుని లెక్క వేసి చూపించారు. 60ని 24కి తగ్గిస్తే ఏ వస్తువైనా భూమి ఆకర్షణలో ఆరో వంతుతో పడుతున్నట్టు కనిపిస్తుంది, అది చంద్రుడి లెక్క. అంగారకుడి మీద ఆకర్షణ మన దగ్గరున్న దానిలో 38 శాతం. దానికి 39 ఫ్రేములు తీయాలి. రిటైరై పదేళ్లయిన మనిషి, ఆ మధ్యాహ్నం మాతో పాటు ఎండలో స్కూల్ గ్రౌండ్‌లో నిలబడి, బంతి ఎగరేస్తూ, స్టాప్‌వాచ్ పట్టుకుని సరిచూశారు. మా కెమెరాలో 39 పెట్టే వీలు లేదు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో కెమెరాలు అద్దెకిచ్చే అన్నకి ఫోన్ చేస్తే, అదే అద్దెకి పెద్ద కెమెరాని తన దగ్గర పనిచేసే కుర్రాడికిచ్చి రాత్రి బస్సులో పంపించారు. అన్నా, నీ మేలు మరువను.

ఇక నేల. అంగారకుడంటే ఎర్రనేల కావాలి. అందరూ భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల పేరే చెప్పారు. కానీ అవి వేల ఏళ్ల నాటివి, కాపాడుకోవాల్సిన చోటు. ఇంతమంది మనుషులం, లైట్లతో వెళ్లి తొక్కడానికి మనసొప్పలేదు. అప్పుడు సౌండ్ చూసే తమ్ముడు "మా పత్తికొండ పక్క చేలు చూడండన్నా" అని తుగ్గలి వైపు తీసుకెళ్లాడు. అక్కడే పెద్దనాయన కలిశారు. ఐదెకరాల ఎర్రచేను. ఎందుకు, ఏమిటి అని కూడా పెద్దగా అడగలేదు.

మే నెలాఖరులో మొదలుపెట్టాం. రెండో రోజు రాత్రి వాన పడింది. ఆ వైపు తొలి వానలకి వజ్రాల కోసం జనం చేలల్లోకి వస్తారు. స్పేస్ సూట్‌లో వంగి రాళ్లు ఏరుతున్న, కూతురి పాత్ర వేసిన మా అమ్మాయిని చూసి, ఈమె కూడా వజ్రాలకే వచ్చిందనుకుని ఆగి అడిగినవాళ్లున్నారు. వాళ్లందరికీ పెద్దనాయనే ఓపిగ్గా చెప్పి పంపేవారు.

కానీ ఆ వానతో పెద్ద చిక్కు వచ్చింది. మాకు నేల ఆరాలి, అడుగు వేస్తే దుమ్ము లేవాలి. ఆయనకి నేలలో తడి పదును ఉండగానే దున్నుకోవాలి. ఆ తెల్లవారి మేమే సామాన్లు సర్దడం మొదలుపెట్టాం. ఆయన వచ్చి నాలుగెకరాలు దున్నుకుంటానని, ఒక ఎకరం అట్లే పెడతానని అన్నారు. "ఆ చెక్కలో బుడ్డలు (వేరుశనగ) నాలుగు దినాలు ఎనకొస్తాయి, అంతే కదా నాయనా." అంతే కాదని, పదును పోతే మళ్లీ వాన కోసం చూడాలని ఆయనకి తెలుసు, మాకూ తెలుసు.

మూడు రోజుల్లో నేల ఆరింది. ప్రతి టేక్‌కీ పాత అడుగుల గుర్తులు చెరపాలి. మేం చీపుర్లతో ఊడుస్తుంటే గీతలు పడుతున్నాయి. పెద్దనాయన ఎద్దులకి గుంటక కట్టి తోలారు. ఎద్దుల గిట్టల గుర్తుల్ని గుంటక చెరిపింది. గుంటక వెనక పడ్డ ఆయన అడుగుల్ని వేపమండతో చెరుపుతూ, తాను వెనక్కి నడుచుకుంటూ పెద్దమ్మ వచ్చింది. గట్టు దాకా వచ్చాక చూస్తే, ఆ ఎకరంలో మనిషి తిరిగిన జాడే లేదు. మా కెమెరామన్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. సినిమాలో మొదటి షాట్ అదే.

కర్నూలులో సీటు కవర్లు కుట్టే మామకి. కారు కవర్ గుడ్డతో సూట్ కుట్టి, మెడ దగ్గర రింగు సరిగ్గా కూర్చునేదాకా మూడుసార్లు విప్పి కుట్టారు. హెల్మెట్ లోపల ఊపిరికి అద్దం మసకబారుతుంటే పాత కంప్యూటర్లోని చిన్న ఫ్యాన్ బిగించింది ఆయన కొడుకు.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఒక రోజు పదకొండు గంటల ఎండలో ఇంకో టేక్, ఇంకో టేక్ అంటూ ఆ సూట్‌లోనే నిలబెడితే మా అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. తప్పు పూర్తిగా నాది. ఊళ్లో ఏఎన్ఎం అక్క పరుగున వచ్చి, నీడకి చేర్చి, తడిగుడ్డలు వేసి, తేరుకున్నాక ఓఆర్ఎస్ తాగించింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి గట్టిగా తిట్టింది. అక్కా, ఆ రోజు నుంచి తొమ్మిది దాటాక, ఐదు కాకముందు సూట్ వేయించలేదు. మా అమ్మాయికి క్షమాపణ అప్పుడే చెప్పాను, అందరి ముందూ మళ్లీ చెబుతున్నాను.

తల్లి పాత్ర వేసినామె ముప్పై ఏళ్లుగా పద్య నాటకాలు ఆడుతున్నారు. మా సినిమాలో ఆమెకి మాటలు ఆరు. మిగతాదంతా ఎదురుచూడటమే. మొదటి రోజు, "ఊరికే కూర్చోవడం చాతకాదు నాయనా, చేతికి పనివ్వు" అన్నారు. చేటలో పెద్దనాయన ఇంటి బుడ్డలు పోసిచ్చాం. ఆమె వలుస్తూ కూర్చున్నారు. ఫోన్ మోగింది. వేళ్ల మధ్య కాయ సగం చిట్లి, అట్లాగే ఆగిపోయింది. రాసింది నేనే అయినా, ఆ 24 నిమిషాల బరువు నాకు తెలిసింది అప్పుడే. ఆ సీన్ కోసం పక్క చేలవాళ్లు బోరు మోటార్లు ఆపేశారు. ఉన్న కాస్త కరెంటు టైములో అది చిన్న విషయం కాదు.

రంగులు చూసిన మిత్రుడు పగలు ఉద్యోగం, రాత్రి మా పని. అంగారకుడి ఆకాశం పగలు మట్టిరంగులో ఉండి, పొద్దుగూకేటప్పుడు సూర్యుడి చుట్టూ నీలంగా మారుతుంది. క్యూరియాసిటీ రోవర్ 2015లో తీసిన ఫోటో పక్కన పెట్టుకుని ఆ నీలం వచ్చేదాకా వదల్లేదు. అయిన ఖర్చు లక్షా అరవై వేలు. తలా కొంత వేసిన పదకొండు మంది స్నేహితులకి విడిగా ఫోన్ చేస్తాను.

ఆ ఎకరంలో రెండు బస్తాలు తగ్గాయట. ఆ మాట కూడా గుచ్చి గుచ్చి అడిగితేనే చెప్పారు. డబ్బివ్వబోతే పెద్దనాయన తీసుకోలేదు. మొదటి ఆట మాత్రం తమ ఊళ్లోనే వేయమన్నారు. వచ్చే శనివారం రాత్రి 7 గంటలకి బడి గోడ మీద వేస్తున్నాం. ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లు తప్పకుండా రండి. కుర్చీలు తక్కువ, చాపలు తెచ్చుకోండి.