ఆ ఒక్క మాట అడిగిన డాక్టరమ్మకు, నాకు తోడున్న వాళ్లందరికీ

ఆపరేషన్ అయి నిన్నటికి ఆరు వారాలు. ఇవాళ పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దాకా నడిచి వచ్చాను. ఇంటికి రాగానే ఇది రాస్తున్నాను.

ఏడేళ్లుగా పీరియడ్స్ వస్తే బాత్రూంకి వెళ్లాలంటేనే వణుకు. లోపల కత్తి పెట్టి తిప్పినట్టుండేది. పైల్స్ అన్నారు, గ్యాస్ అన్నారు. పేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీలో ఏమీ లేదన్నారు. ఆడదానివన్నాక ఓర్చుకోవాలన్నవాళ్లూ ఉన్నారు.

మహారాణిపేటలో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ మాత్రం, "ఈ నొప్పి నెలంతా ఉంటుందామ్మా, ఆ రోజుల్లోనేనా?" అని అడిగారు. ఏడేళ్లలో ఈ మాట ఎవరూ అడగలేదు. ఎండోమెట్రియోసిస్ అట. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగి, నాకు పెద్దపేగు చివరి భాగాన్ని పట్టుకుంది. అది పేగు బయటి గోడ వైపు నుంచి వస్తుంది కాబట్టి కొలనోస్కోపీకి చాలాసార్లు చిక్కదని కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఎమ్మారైలోనూ అదే తేలింది.

గైనకాలజిస్టు, పేగుల సర్జన్ ఇద్దరూ కలిసి ల్యాప్రోస్కోపీ, అంటే పొట్ట మీద చిన్న కోతలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్, చేశారు. గడ్డను గీకేస్తే చాలదు, పేగు ముక్క కోసి కలపాల్సి రావచ్చు, అతుకు మానేదాకా మలం పోవడానికి పొట్ట మీద సంచి కూడా పెట్టవచ్చు అని ముందే చెప్పారు. సంచి మాట విన్న రాత్రి ఏడుస్తూనే ఉన్నాను. నైట్ డ్యూటీ సిస్టర్ ఒక కొత్త సంచి తెచ్చి నా చేతిలో పెట్టి, ఎలా అతికిస్తారో, ఎలా ఖాళీ చేస్తారో చూపించారు. సగం భయం అక్కడే పోయింది. పేగు ముక్క కోశారు గానీ, సంచి అవసరం పడలేదు. అయినా సిస్టర్, మీరు నా పక్కన కూర్చున్న ఆ పది నిమిషాలు నేను మర్చిపోను.

ఆపరేషన్ మర్నాడు కోతల కన్నా భుజం నొప్పే ఎక్కువైంది. పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల అలా ఉంటుందని చెప్పి, చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించిన ఆయమ్మకు దండాలు. రక్తం ఇవ్వడానికి గాజువాక నుంచి బండి మీద వచ్చిన తమ్ముళ్లిద్దరికీ కూడా.

అత్తయ్యా, పదిహేను రోజులు చోడి జావ కాచి, చల్లార్చి, గ్లాసు నా నోటి దగ్గర పెట్టారు. ఎదురుగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఇది మళ్లీ రావచ్చని, చెకప్‌లు మానొద్దని చెప్పారు. డాక్టరమ్మా, సోమవారం వస్తున్నాను. మీరు బొమ్మ గీసిన కాగితం ఇంకా నా ఫైల్లోనే ఉంది.