ఎండాకాలంలో ఇంక పాలకూర విత్తనాలు అమ్మను

మార్చిలో మా నర్సరీలో పాలకూర విత్తనాలు తీసుకున్నవాళ్లు చాలామంది ఫోన్ చేసినారు. సగం మొలవలేదంట, మొలిచినవి జానెడు ఎదగకముందే కాడ సాగి పూతకొచ్చినాయంట. తప్పు మీది కాదు. ఇక్కడ పాలకూర పేరుతో అమ్మేది బీట్‌రూట్‌కి దాయాది, కాస్త ఎండకు ఓర్చుకుంటుంది. కానీ తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటినాక, మిద్దె మీద కుండీలో దాని వల్ల కాదు. తెలిసుండీ మీరు అడిగినారని ఇచ్చేసినాను. ప్యాకెట్ ఖాళీ కవరు తెచ్చినా చాలు, డబ్బులు వెనక్కి ఇస్తాను. లేదంటే బదులు తీగబచ్చలి కొమ్మలు తీసుకుపోండి.

బచ్చలి అనంగానే "జిగురన్నా, పిల్లోళ్లు తినరు" అంటారు. జిగురు నిజమే. మా ఇంట్లో సంగటిలోకి పుల్లగూర చేస్తారు: ఆకు, టమాటా, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డ, కాస్త చింతపండు వేసి మూతపెట్టకుండా ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, తెల్లగడ్డతో తిరగవాత. పులుపు పడితే జిగురు అంతగా తెలీదు. లేత ఆకులైతే శెనగపిండిలో ముంచి బజ్జీలు వేయండి, పిల్లోళ్లే అడిగి తింటారు.

జానెడు కొమ్మకు కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేట్టు గుచ్చండి. వారం పది రోజుల్లో వేరు పడుతుంది. విత్తనమే కావాలంటే రాత్రంతా నానబెట్టాల, పైతోలు గట్టిది. పోయినేడు ఆ ముక్క చెప్పకుండా అమ్మి తిట్లు తిన్నాను. ఇప్పుడు మా పందిరి మీది పండిన కాయల నుంచి నేనే విత్తనం తీస్తాండాను. నల్లటి కాయ చిదిమితే వంకాయ రంగు రసం. రెండు చొక్కాలు పోయినాయి.

మట్టి ఎండనీయొద్దు. ఎండితే ఆకు చిన్నదైపోయి తొందరగా పూతకొస్తుంది. కొన తుంచేకొద్దీ పక్కకొమ్మలు వస్తాయి, కాబట్టి మొహమాటపడకండి.

ఇంకోమాట. ఈసారి ఎర్రకాడ బచ్చలిలో కొన్ని తీగల ఆకులకు ఎర్రంచు గుండ్రటి మచ్చలు పడినాయి. ఆ కొమ్మలు అమ్మకుండా పక్కన పెట్టినాను. మీ ఇంట్లో కనబడితే ఆ ఆకులు తుంచి పారేయండి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి. ఎర్రకాడ రావడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. పచ్చకాడ మాత్రం శనివారం పొద్దున కోస్తాను, కొమ్మ పది రూపాయలు. సంచీ మీరే తెచ్చుకోండి.