సువా మార్కెట్‌లో మాకు సాయం చేసిన అమ్మాయికి

మా ఆయనా నేనూ ఫిజీలో మార్మన్ అనే క్రైస్తవ సంఘం తరఫున, సొంత ఖర్చుతో మిషన్ సేవ చేస్తున్నాం. ఇక్కడి రాజధాని సువాలో 2000లో ప్రారంభమైన మా సంఘం దేవాలయంలో కొంత పని, మిగతా వేళల్లో కుర్ర మిషనరీల ఇళ్లు చూసిరావడం: కుళాయి కారుతోందా, దోమతెర చిరిగిందా, పిల్లలు సరిగ్గా తింటున్నారా!

మొన్న జోరువానలో, వాళ్ల కోసం కొన్న దుప్పట్లు, బల్బులతో మార్కెట్ దగ్గర చిక్కుకుపోయాం. ఆయనకు మోకాళ్ల నొప్పి, నాకు ఒకటే టెన్షన్. నువ్వు సంచులన్నీ అందుకుని, గొడుగు ఆయనకు పట్టి, టాక్సీ ఎక్కించేదాకా తడుస్తూనే ఉన్నావు. మీ ముత్తాతగారు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చారని చెప్పావు. ఆ హడావిడిలో నీ పేరైనా అడగలేదు.

చాలా చాలా థాంక్స్, తల్లీ. మా సంఘం నియమం వల్ల మేం టీ, కాఫీ తాగం గానీ, ఒకసారి ఇంటికి రా, వేడివేడి చారన్నం పెడతాను.