ఇకనుంచి ఒట్టి ప్యాడ్లు మాత్రమే మార్చం

కొత్త బ్రేక్ ప్యాడ్లు వేయించాక చక్రం కాలుతోందని, బండి ఈడ్చినట్టుగా ఉందని ఈ ఎండల్లో కడపలోని మా షెడ్డుకు చాలామంది వస్తున్నారు. వేరేచోట వేయించుకున్నవాళ్లే ఎక్కువ. ప్యాడ్లను తిట్టుకుంటున్నారు గానీ, చాలా బండ్లలో వాటి తప్పేమీ లేదు.

ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని డిస్కుకు నొక్కే క్యాలిపర్ పిస్టన్ బయటికి వస్తుంది. కొత్తవి మందంగా ఉంటాయి కాబట్టి దాన్ని లోపలికి నెట్టాలి. అన్నాళ్లూ దుమ్ము, తుప్పు పట్టిన భాగం సీలు లోపలికి పోయి అక్కడే బిగుసుకుంటుంది. క్యాలిపర్ జరిగే పిన్నులూ అంతే. మొన్న ఒక కారులో పిన్ను సుత్తి దెబ్బలకు గానీ ఊడిరాలేదు. రబ్బరు బూటు చిరిగిపోయి, గ్రీజు ఉండాల్సినచోట ఎర్రటి పొడి రాలింది.

మేం చూసే పద్ధతి ఇది. చక్రం జాకీ మీద లేపి, బ్రేక్ తొక్కి వదిలి, చేత్తో తిప్పుతాం. కాస్త రాసుకోవడం మామూలే. సగం చుట్టుకే ఆగిపోతే క్యాలిపర్ నుంచి బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నిపుల్ కొంచెం వదులు చేస్తాం. చక్రం టక్కున వదిలిందంటే ప్రెషర్ వెనక్కి పోవడం లేదన్నమాట. ఒక్క చక్రమే అయితే రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఉంటుంది, ముందు రెండూ కాలుతుంటే పెడల్ తొక్కితే ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండర్ చూడాలి. నిపుల్ వదులు చేసినా చక్రం వదలకపోతే పిస్టనో, పిన్నులో. వెనక చక్రాలైతే ముందు హ్యాండ్ బ్రేక్ కేబుల్ చూస్తాం.

రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగాక వాసన వస్తే కంగారు పడొద్దు, అక్కడ ఏ బండికైనా డిస్కులు వేడెక్కుతాయి. గేరు తగ్గించి దిగండి. కాలే డిస్కు మీద నీళ్లు మాత్రం పోయొద్దు. అయితే బ్రేక్ పట్టేసిన బండితో ఆ ఘాట్ దిగడం వేరే సంగతి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉంటే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్న పాతది 155 దగ్గరే మరిగిపోవచ్చు. అప్పుడు పెడల్ నేలకు దిగిపోతుంది.

అందుకే ప్యాడ్ల పనిలోనే పిన్నులు శుభ్రం చేయడం, రబ్బరును పాడుచేయని సిలికాన్ గ్రీజు పూయడం, చక్రం తిప్పి చూడడం కలిపేశాం. లేబర్ పెరుగుతుంది, బండి పూటంతా షెడ్డులో ఉంటుంది. "ప్యాడ్లు వేసి పంపించన్నా, చాలు" అంటే మా దగ్గర కుదరదు, ఏమనుకోవద్దు.

చూపించుకోవడానికి వచ్చేటప్పుడు కాస్త తోలి, వేడి మీదే తీసుకురండి, ఏ చక్రమో తొందరగా దొరుకుతుంది. పొగ వస్తుంటే మాత్రం పక్కకు ఆపి ఫోన్ చేయండి, మేమే వస్తాం.