కొలతలు తీసింది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. బల్ల మీద వరసగా కృత్రిమ కాళ్లు, వెనక శాలువాలు కప్పుకున్న పెద్దలు, ముందు కుర్చీల్లో మాలాంటివాళ్లు. ఎన్ని కాళ్లు పంచారో, ఎవరెవరు మాట్లాడారో రాశారు. ఆ కాళ్లకు కొలతలు తీసింది ఎవరో, వచ్చే నెల పుండు పడితే వాళ్లు ఎక్కడ దొరుకుతారో మాత్రం రాయలేదు. మాకు కావాల్సిన వార్త అది.

నేను దర్జీని. ముప్పై ఏళ్లుగా కుట్టుమిషనే నా బతుకు. ఆరేళ్ల కిందట షుగర్ వల్ల కుడికాలి బొటనవేలి పుండు మానక, మోకాలి కింద జానెడు ఉంచి తీసేశారు. మరుసటి ఏడాది ఒక శిబిరంలో కాలు ఇచ్చారు. పొద్దున కొలత, సాయంత్రానికి కాలు. ఉచితం కదా, నోరెత్తలేదు. ఇరవై రోజులు తిరక్కుండానే మోకాలి కింద బయటివైపు ఎముక బుడిపె దగ్గర చర్మం లేచిపోయింది. షుగర్ ఉన్నవాడికి పుండంటే ఏమిటో ఒకసారి చూశాను, మళ్లీ చూసే ఓపిక లేదు. కాలు అటకెక్కింది. ఫోన్ చేద్దామంటే నంబరు బ్యానర్ మీద ఉండేది. బ్యానర్ ఎప్పుడో విప్పేశారు.

శిబిరాలు వద్దని కాదు. జైపూర్ కాలు లేకపోతే ఈ దేశంలో ఎంతోమంది పేదలు ఇంకా నేల మీద దేకుతూనే ఉండేవాళ్లు. దాన్ని 1968లో తయారుచేసింది రామచంద్ర శర్మ అనే శిల్పి, పక్కన డాక్టర్ పీకే సేథీ. పనివాడి చెయ్యి, డాక్టరు చదువు ఒకచోట కలిశాయి. ఇప్పుడు ఆ రెండూ ఒకే మనిషికి నేర్పే డిగ్రీ ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా మేనల్లుడు పోరి పక్క రాష్ట్రంలోని ఒక శిక్షణా సంస్థకు తీసుకెళ్లాడు. అక్కడ నా కాలు ఒక విద్యార్థినికి అప్పగించారు. శ్రీకాకుళం పిల్ల. మొదటి ప్రశ్న, "బాబాయ్, మీరేం పని చేస్తారు?" శిబిరంలో ఆ మాట ఎవరూ అడగలేదు. మిషను తొక్కుతానంటే నోటుబుక్కులో రాసుకుంది.

మొండికాలికి మేజోడు లాంటి పలచటి గుడ్డ తొడిగి, చెరగని పెన్సిల్‌తో ఎముకలు తగిలే చోట్లన్నీ గుర్తులు పెట్టింది. మేము గుడ్డ మీద సుద్దతో పెట్టుకున్నట్టే. పైన తడి ప్లాస్టర్ పట్టీ చుట్టి, మోకాటిచిప్ప కింద రెండు బొటనవేళ్లతో నొక్కి పట్టుకుంది. ఆరాక తీస్తే గుర్తులన్నీ ప్లాస్టర్‌ లోపల పడ్డాయి. అందులో మళ్లీ ప్లాస్టర్ పోసి నా కాలి అచ్చు తీసింది. ఇక అచ్చును అలాగే వాడతారనుకున్నా. కాదు. చిప్ప కింద టెండన్ (తాడులాంటి గట్టి పీచు) బరువు మోయగలదట, అక్కడ చెక్కేసింది. ఎముక బుడిపె మోయలేదట, అక్కడ ఇంకాస్త ప్లాస్టర్ మెత్తింది, అప్పుడు కాలి తొడుగులో ఆ చోటు వదులుగా వస్తుంది. బ్లౌజుకు చంక దగ్గర లూజు ఇచ్చి, నడుము దగ్గర డార్టు పట్టినట్టే. నాకు వెంటనే అర్థమైంది.

మొదటి తొడుగును వాళ్ల సార్ చూసి పక్కన పడేశారు. పాప కళ్లల్లో నీళ్లు. మళ్లీ మొదటినుంచీ. ఆ రెండోది వేసుకుని కడ్డీల మధ్య నడుస్తుంటే, సార్ ఆమెను నేల మీద మోకాళ్ల మీద కూర్చోబెట్టి నా మోకాలు ఎటు వంగుతోందో చూడమన్నారు. పాదం గోరంత జరపడానికి పూట పట్టింది. వెనక అంచు మిషను తొక్కడానికి వీలుగా కిందికి తగ్గించింది. మరీ తగ్గిస్తే కండ బయటికి పొంగుతుందని అదీ లెక్క చూసింది. పొద్దున ఒక సాక్సు, సాయంత్రానికి మొండికాలు తగ్గుతుంది కాబట్టి రెండు వేసుకోమని చెప్పింది. మొదటి ఏడాది మూడుసార్లు పిలిపించి సరిచేశారు. ఇప్పుడు రోజంతా మిషను తొక్కుతున్నా.

ఆ చదువు పేరు బీపీవో, అంటే బ్యాచిలర్ ఆఫ్ ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్, కృత్రిమ అవయవాలు, ఊతపట్టీలు చేసే చదువు. కాల్ సెంటర్ అనుకుంటారని పాప నవ్వింది. నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఆపైన అందులోనే రెండేళ్ల మాస్టర్స్, ఎంపీవో. కటక్ దగ్గర ఓలట్‌పూర్, కోల్‌కతా, ఢిల్లీల్లోని జాతీయ సంస్థల్లో నేర్పుతారు. శరీర నిర్మాణం చదవాలి, రంపం పట్టాలి. చుట్టాలు "ఫిజియోథెరపీ అయినా తీసుకోవచ్చుగా" అంటారట. ఎంపీవో చేయాలనుంది, చేస్తే మన దగ్గర ఉద్యోగం ఎక్కడ బాబాయ్ అని అడిగింది. నేనేం చెప్పను?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 ప్రమాణాల ప్రకారం 10 లక్షల జనాభాకు ఇలాంటివాళ్లు 5 నుంచి 10 మంది కావాలి. 2011 లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాలు కలిపి దాదాపు 8.46 కోట్లు. తక్కువలో తక్కువ 420 మందికి పైనే. ఏ జిల్లా ఆసుపత్రిలో ఈ పోస్టు ఉంది, ఎక్కడ మనిషి ఉన్నాడు, ఎక్కడ కుర్చీ మాత్రమే ఉందో మీ విలేకరులు కనుక్కుని వేయండి. ఏ వైద్య కళాశాలలో ఈ డిగ్రీ పెట్టినా, వార్డు పక్కనే వర్క్‌షాపు ఉండేలా చూడమనండి. పుస్తకంలో మొండికాలు నొప్పి అనదు.

ఇంకొకటి. ఇలాంటి నిపుణుల పేర్లు నమోదు చేసే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్. దాని రిజిస్టర్‌లో పేరు లేకుండా ఈ పని చేస్తే 1992 చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! పెళ్లి బ్లౌజు పాడుచేస్తే నేను అంతకన్నా ఎక్కువ కట్టుకోవాలి. శిబిరం పెట్టేవాళ్లు కొలత తీసే మనిషి రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఆ బ్యానర్ మీద వేయిస్తే ఏం పోతుంది?

మన దగ్గర ఎవరైనా ఈ కోర్సు మొదలుపెడితే, పిల్లలు నేర్చుకోవడానికి నా కాలు ఇస్తాను. బస్సు చార్జీలు ఇస్తే చాలు. రెండుసార్లు పడేసి మళ్లీ చేసినా ఏమీ అనుకోను. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం రాలేను.

- ఒక దర్జీ, పలమనేరు
(పేరు వేయవద్దని మనవి)