టోపీ తీసి ఒక ఫోటో పంపు

చిట్టితల్లికి,

ఇక్కడ అందరం క్షేమం. మొన్నటి గాలివానకు మునగచెట్టు కొమ్మ విరిగి దొడ్డిగోడ మీద పడింది. మీ అమ్మ నీ వంతు ఆవకాయ సీసాకు గుడ్డ కట్టి పక్కన పెట్టింది. పుణె వచ్చేవాళ్లెవరైనా దొరకాలి.

అన్నట్టు, రాజమండ్రి అత్తయ్య ఏదో అంది. గోడౌనులో ప్యాకింగ్ పట్టీ కాలికి చుట్టుకుని పడ్డావట, తల ఇనుప ర్యాకుకు తగిలిందట. ఆవిడ మాటల్లో సగం తీసేయాలని నాకూ తెలుసు. కానీ ఆదివారం వీడియోలో టోపీ పెట్టుకుని కూర్చున్నావు. చలి అన్నావు. మే నెలలో చలా?

వేళకు తింటున్నావా? కొత్త మేనేజరు ఎలా ఉన్నాడు?

ఉపన్యాసం ఇవ్వను. మా చక్కెర ఫ్యాక్టరీలో గానుగ సీజను ఆఖరి రోజుల్లో చిట్టిబాబాయి, చెరకురసం కాచే బాయిలింగ్ హౌసు మెట్ల దగ్గర మొలాసిస్ మడ్డి మీద జారాడు. తల ఇనుప మెట్టుకు ఠంగుమంది. మేం పరుగెత్తేసరికి వాడే లేచి నవ్వుతున్నాడు. నెత్తుటి చుక్క లేదు. టీ తాగాడు, షిఫ్టు పూర్తిచేశాడు, సైకిలు మీద ఇంటికి వెళ్లాడు. తలనొప్పంటే పిన్ని అమృతాంజనం రాసింది. మూడో వారంలో ఒక పొద్దున చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. కుడి చెయ్యి మాట వినలేదు. గుంటూరులో స్కాన్ తీస్తే పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరి ఉంది. చిన్న సిర తెగి రోజూ కొంచెం కొంచెంగా ఊరిందట. పుర్రెకు రంధ్రం వేసి తీశారు. బతికాడు, ఇప్పుడు నీకు సంబంధాలు తెచ్చి నీ ప్రాణం తీస్తున్నాడు. అయితే అది పనిలో తగిలిన దెబ్బేనని ఒప్పించడానికి రెండేళ్లు తిరిగాం. ఆ రోజు ప్రమాదాల రిజిస్టరులో ఎవరూ రాయలేదు. రాయాల్సిన షిఫ్టు ఇన్‌ఛార్జిని నేనే.

అందుకని నీ పేరు, తేదీ, వేళ రాయించు. పట్టీలు నడిచే దారిలో పడి ఉన్నాయని కూడా రాయించు, నీవు చూసుకోలేదని మాత్రం రాయనివ్వకు. నెలనెలా ఇ.ఎస్.ఐ. బీమాకు జీతంలో కోత పడుతూనే ఉంది కదా. డాక్టరుకు చూపించావా? వాంతి అయినా, మగతగా ఉన్నా, తలనొప్పి రోజురోజుకూ పెరిగినా, ఒక పక్క కాలో చెయ్యో పట్టు తప్పినా అర్ధరాత్రని చూడకుండా ఆసుపత్రికి వెళ్లు. నీ అంతట నీవు ఆస్పిరిన్ వేసుకోకు. కొన్నాళ్లు పక్కగది అమ్మాయిని నీ గదిలోనే పడుకోమను.

కుట్లు ఎన్ని పడ్డాయి?

కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో శనివారానికి బెర్తులున్నాయి, ఊరికే చూశాను. టోపీ తీసి ఒక ఫోటో పంపితే టికెట్టు తీయను. తీసినా తీస్తాను, ఆవకాయ ఎలాగూ చేర్చాలి.

నాన్న