ఒరే బావా, ఆ ఫ్లో టెస్ట్ వద్దనకండ్రా

ఒరే బావా,

ఎలగున్నావు? ఫోన్లో సగమే మాటాడుకున్నాం, ఆ తర్వాత సిగ్నల్ పోయింది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తన్నాను, మీ చెల్లికి కూడా నువ్వే చదివి వినిపించు. నరసన్నపేటలో తీసిన రక్తం రిపోర్టులో బ్లాస్ట్‌లు అని వచ్చేసింది, లుకేమియా, అంటే రక్త కేన్సర్ అని తేలిపోయింది, మళ్ళీ వేలు పోసి ఈ ఫ్లో సైటోమెట్రీ దేనికిరా, డబ్బులు గుంజడానికి కాదేటి అన్నావు కదా. కాదురా. మన ఆరేళ్ళ గుంటడికి ఇప్పుడు చెయ్యాల్సిన టెస్టుల్లో అన్నింటికన్నా ముఖ్యమైంది అదే, ఆ కణాలు ఏ రకమో తేల్చేది అదే.

ఎందుకో చెప్తాను విను. బ్లాస్ట్ అంటే ఎముక మూలుగలో ఇంకా ఎదగని పసికణం. అది పెద్దదైతే ఏ కణమవ్వాలో మైక్రోస్కోపులో మొహం చూసి చెప్పడం చాలాసార్లు కుదరదు. మన మడిలో నారు పోసినప్పుడు స్వర్ణ నారు, శ్రీకాకుళం సన్నాల నారు పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటే మీ నాన్న కూడా తడుముకుంటాడు కదా, ఇదీ అంతే. కొన్నిసార్లు స్లైడ్‌లోనే దొరికిపోతాది, కణం లోపల ఎర్రటి పుల్లల్లాంటి ఆవర్ రాడ్స్ కనబడితే అది మైలాయిడ్, అంటే లింఫోసైట్లు కాని వేరే తెల్లకణాల జాతి అని ధైర్యంగా చెప్పొచ్చు. కానీ అవి అందరిలో ఉండవు. గుంటడి రిపోర్టులో బ్లాస్ట్‌లు అని మాత్రమే రాశారంటే వాళ్ళు నిజాయితీగా రాసినట్టే, కనబడినదాన్ని మించి రాయలేదు.

అదేదో తేలకుండా మందు మొదలెట్టలేరు. ఏఎల్ఎల్, అంటే లింఫోసైట్ జాతి పసికణాల లుకేమియా అయితే ఒక రకం కీమో, రెండు మూడేళ్ళ పాటు నడుస్తాది. ఏఎంఎల్, అంటే మైలాయిడ్ జాతిది అయితే పూర్తిగా వేరే మందులు. ఒకదాని మందు ఇంకోదానికి ఇస్తే గుంటడు ఒళ్ళు గుల్లవడం తప్ప ఏటీ ఉండదు.

ఇప్పుడు ఆ టెస్ట్ ఎలగ చేస్తారో చెప్తాను, విశాఖలో ఉన్నప్పుడు నేను ల్యాబ్‌లో ఆ బెంచ్ మీదే పనిచేశాను కదా. ప్రతి కణం పైన, లోపల కొన్ని ప్రోటీన్లు ఉంటాయి, వాటినే మార్కర్లు అంటాం, వాటిలో చాలావాటికి సీడీ అని పెట్టి నంబర్లు ఇచ్చారు. ముందు ఒక్కో ల్యాబు ఒక్కో పేరు పెట్టుకునేది, సీడీ10 నే కాలా అని పిలిచేవారు, ఒకరిది ఒకరికి అర్థమయ్యేది కాదు, 1982లో పారిస్‌లో కూర్చుని అందరికీ ఒకే నంబర్లు అన్నారు. ఆ ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారుచేసే పద్ధతి 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు, 1984లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. నాకు మాత్రం ఆ ఇద్దరికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే అనిపిస్తాది.

ఊదారంగు మూత ట్యూబ్‌లో తెచ్చిన రక్తంలో గానీ మూలుగలో గానీ ఈ యాంటీబాడీలు వేస్తాం, ఒక్కోదానికి ఒక్కో మెరిసే రంగు తగిలించి ఉంటాది. చీకట్లో కాసేపు ఉంచి, ఎర్ర కణాల్ని పగలగొట్టే ద్రవం వేసి, కడిగి మెషీన్‌కి పెడతాం. లోపల సన్నటి ధారలో కణాలు ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందు నుంచి పోతాయి, సెకనుకి వేలల్లో. ఒక్కో కణానికి స్క్రీన్ మీద ఒక్కో చుక్క పడతాది.

మొదట చూసేది ఒకే ఒక గ్రాఫ్. అడ్డంగా సీడీ45, నిలువుగా కణం లోపల ఎంత గరుగ్గా ఉందో చూపించే సైడ్ స్కాటర్. తెల్లకణాల్లో మామూలు లింఫోసైట్లు కింద కుడివైపు గుంపుగా ఉంటాయి, న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం పైన ఉంటాయి. బ్లాస్ట్‌లకి సీడీ45 మసకగా ఉంటాది కాబట్టి కింద ఎడమవైపుకి జరిగి, మామూలు మనిషిలో దాదాపు ఖాళీగా ఉండే చోట గుంపు కడతాయి. ఆ గుంపు చుట్టూ మౌస్‌తో గీత గీసి, ఇక మిగతా మార్కర్లన్నీ ఆ గీతలో ఉన్నవాటికే చూస్తాం.

సీడీ19 ఉండి దాంతోపాటు సీడీ79ఏ, సీడీ22, సీడీ10 లాంటివి ఉంటే బీ రకం ఏఎల్ఎల్ (లింఫోసైట్లలో బీ, టీ అని రకాలున్నాయి). కణం లోపల సీడీ3 ఉంటే టీ రకం, దాంతో సీడీ7 కూడా ఉంటాది. ఎంపీఓ, సీడీ13, సీడీ33, సీడీ117 వస్తే మైలాయిడ్ వైపు, సీడీ14, సీడీ64 ఉంటే మోనోసైట్ వైపు, సీడీ41, సీడీ61 అయితే ప్లేట్‌లెట్లని పుట్టించే కణాల వైపు, ఆ చివరిది స్లైడ్ చూసి పట్టుకోవడం మహా కష్టం. సీడీ34, టీడీటీ ఏమో ఇది ఇంకా పసికణమే అని చెప్తాయి. ఎంపీఓ, సీడీ3 లోపల దాక్కుని ఉంటాయి కాబట్టి ముందు కణం గోడకి చిల్లులు పెట్టే మందు వేసి అప్పుడు యాంటీబాడీ పంపాలి, ఇది వదిలేస్తే టీ రకం చేతికి చిక్కదు.

ఒక్క మార్కర్ పట్టుకుని ఇదీ అని తేల్చేసే వాళ్ళ మాట అస్సలు నమ్మకు. ఏఎంఎల్‌లో కూడా సీడీ7 కనబడతాది, బీ ఏఎల్ఎల్‌లో కూడా సీడీ13, సీడీ33 తొంగిచూస్తాయి, ఇంకొన్నిటిలో రెండు వైపులవీ బలంగా ఉండి మిక్స్‌డ్ ఫీనోటైప్ అని వేరే పేరే పెట్టాల్సి వస్తాది. అన్నీ కలిపి వచ్చే నమూనా చూసి, స్లైడ్ పక్కన పెట్టుకుని, పెద్ద డాక్టరు తేలుస్తారు. పైగా క్రోమోజోమ్ పరీక్ష కూడా చేస్తారు, ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అని మారిపోయిన క్రోమోజోమ్ లాంటిది మార్కర్లలో తెలీదు, అది ఉంటే ఇమాటినిబ్ లాంటి మాత్ర తోడవ్వాలి. కాబట్టి ఆ బిల్లు కూడా చూసి కంగారు పడకండి.

ఏఎంఎల్‌లోనే ఏపీఎల్ అని ఒక రకముంది, అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారిపోతాది. అందులో హెచ్ఎల్ఏ-డీఆర్, సీడీ34 అనే మార్కర్లు రెండూ సాధారణంగా ఉండవు, సైడ్ స్కాటర్ ఎక్కువగా ఉంటాది, ఆ గ్రాఫ్ అలగ వచ్చిందంటే మేం రిపోర్ట్ టైప్ చేసేదాకా ఆగం, ముందు వార్డుకి ఫోన్. ఎందుకంటే రక్తం గడ్డకట్టే వ్యవస్థ చెడిపోయి రోజుల్లోనే మెదడులో రక్తస్రావమై పోయే ప్రమాదం ఉంటాది. అదే సమయానికి ఏట్రా అనే విటమిన్ ఏ జాతి మందు మొదలెడితే, ఆర్సెనిక్‌తో కలిపి ఇస్తే, లుకేమియాలన్నింటిలోకీ బాగా నయమయ్యే వాటిలో అదొకటి. అనుమానం రాగానే మొదలెట్టాలి, జన్యు పరీక్ష వచ్చాక కాదు. గుంటడికి చిగుళ్ళ నుంచి రక్తం కారినా, ఒంటి మీద నల్లటి మచ్చలు కొత్తగా లేచినా డాక్టరుకి వెంటనే చెప్పమను.

ఇప్పుడు మీరు చెయ్యాల్సినవి. అక్కడ ఒకాయన గుంటడి కాళ్ళ నొప్పులకి స్టెరాయిడ్ ఇంజక్షన్ వేస్తానన్నాడని చెప్పావు కదా, దయచేసి వేయించకండ్రా, శాంపిల్ తీసేదాకా అస్సలు వద్దు. స్టెరాయిడ్‌కి ఈ లింఫో బ్లాస్ట్‌లు కొన్నాళ్ళు కరిగిపోయినట్టు ఉంటాయి, జ్వరం తగ్గి పిల్లోడు లేచి ఆడుకుంటాడు, మీరంతా నయమైందనుకుంటారు, మళ్ళీ తిరగబెట్టే సరికి అసలు జబ్బు ఏటో పట్టుకోవడమే కష్టమైపోతాది. నా కళ్ళతో చూశాను అలాంటి పిల్లల్ని.

శాంపిల్ ఇక్కడ శ్రీకాకుళంలో తీసి పంపించాల్సి వస్తే ఫ్రిజ్‌లో పెట్టొద్దను, మామూలు గది వేడిలో ఉంచి 24 గంటల్లోపు విశాఖ చేర్చాలి, కణాలు చచ్చిపోతే మార్కర్లు పిచ్చిపిచ్చిగా వస్తాయి. కానీ నా మాట వింటే పిల్లోడినే తీసుకెళ్ళిపోండి, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది కదా, మూలుగ అక్కడే తీస్తారు.

ఇంకోటి, ఈ మొదటి రిపోర్టు కాగితం పోగొట్టుకోకండి, గ్రాఫులతో సహా దాచండి. మొదటి విడత కీమో అయ్యాక మూలుగలో పదివేల కణాల్లో ఒక్క బ్లాస్ట్ మిగిలినా వెతికే ఎంఆర్‌డీ టెస్ట్ చేస్తారు, దానికి ఈ గుంటడి బ్లాస్ట్‌ల మీద మొదట్లో ఏ మార్కర్లు ఉన్నాయో తెలిసుంటే వెతకడం చాలా తేలిక. ఆరేళ్ళ పిల్లలకి ఎక్కువగా వచ్చేది బీ ఏఎల్ఎల్, సరిగ్గా పూర్తి మందు వాడితే ఎక్కువమంది నిలబడతారు, చెల్లికి ఆ మాట నా మాటగా చెప్పు.

రేపు పొద్దున్నే బయల్దేరుతున్నారో లేదో రాత్రికి మెసేజ్ పెట్టు, నేను శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి వచ్చి మీతోపాటే రైలెక్కుతాను, సెలవు అడిగేశాను. పాత రక్తం రిపోర్టులన్నీ, ఆ మొదటి స్లైడ్ కూడా ల్యాబ్‌లో అడిగి తీసుకురండి.

నీ
బావ